ఏడేళ్ల శబద్ కీర్తన్, ఒక హార్మోనియం పెట్టె

పెళ్లయి ఢిల్లీ తిలక్ నగర్‌కు వచ్చేదాకా నాకు హార్మోనియం అంటే పద్యనాటకమే. కృష్ణుడు రాగం తీస్తుంటే వెంటపడి పరుగెత్తే వేళ్లు గుర్తొచ్చేవి. ఇక్కడ అదే పెట్టె గురుద్వారాలో తెల్లదుప్పటి పరిచిన వేదిక మీద కనిపించింది. "నీకు పాట వచ్చుగా, కీర్తన్ నేర్చుకో" అన్నారు మా బీజీ. అత్తగారిని మేం అలాగే పిలుస్తాం. సిక్కుల పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబ్‌లోని పదాలను 'శబద్'లంటారు, వాటిని రాగంలో పాడటమే శబద్ కీర్తన్. 2018లో మొదలుపెట్టాను.

పెట్టె సంగతి ముందు. 42 మెట్లు, రెండు వరసల రీడ్లు (గాలికి మోగే లోహపు రేకులు), అప్పట్లో 14 వేలు. మెట్లు జరిపి శ్రుతి మార్చుకునే 'స్కేల్ ఛేంజర్' ఉన్నది తీసుకోమని కొట్టువాడు చాలాసేపు పోరు పెట్టాడు. "నీ సా ఒకచోటే ఉంటుంది, మెట్లన్నీ జరిపి ఏం చేస్తావు?" అన్నారు నాకు కీర్తన్ నేర్పే ఉస్తాద్ జీ. ఆయన మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషమే. అది బరువు ఎక్కువ, జరిగే భాగాలు ఎక్కువ, గాలి కారే చోట్లూ ఎక్కువ. నా శ్రుతి ఐదున్నర. దాన్ని ఇక్కడ 'కాలీ చార్' అంటారు, అంటే నాలుగో నల్లమెట్టు.

అంతకుముందు ఒక ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టి పోగొట్టుకున్నాను. పేరు చెప్పను. మెట్లకు నంబర్లు వేసి, ఏ మాటకు ఏ నంబరు నొక్కాలో బట్టీ పట్టించారు. నెలలో మూడు శబద్‌లు 'వచ్చేశాయి'. సా మార్చి పాడమంటే ఒక్కటీ రాలేదు.

ఉస్తాద్ జీ దగ్గర రెండు నెలలు సా నిలపడం, బిలావల్ రాగంలో పల్టాలు (స్వరాల వరసల సాధన), అంతే. బిలావల్ మెట్లు మన శంకరాభరణానివే కాబట్టి సులువనుకున్నాను. చిన్నప్పుడు కర్ణాటకం నేర్చిన గొంతుకు గాంధారాన్ని ఊపకుండా నిలపడమే పెద్ద పరీక్ష అయింది. తర్వాత ఆసా రాగం వచ్చింది. ఆరోహణలో సరిమపదస, అవరోహణలో ఏడు స్వరాలూ. చూడగానే "ఇది మా ఆరభి!" అని పాడి వినిపించాను. ఆయన నవ్వి, "మెట్లు అవే, నడక వేరు" అన్నారు. ఆ నడక పట్టుబడటానికి ఏడాది పట్టింది. గురుద్వారాల్లో తెల్లవారుజామున పాడే 'ఆసా దీ వార్' అనే కీర్తన ఈ రాగానిదే.

గురు గ్రంథ్ సాహిబ్‌లో చాలా భాగం సిరీ రాగంతో మొదలై జైజావంతి దాకా 31 రాగాల కింద అమర్చి ఉంటుంది. ఏ శబద్ ఏ రాగంలో పాడాలో పైనే రాసి ఉంటుంది. మనం పల్లవిని ముందే రాసుకుంటాం. ఇందులో 'రహావు' అన్న గుర్తున్న పంక్తి చాలాచోట్ల మొదటి చరణం తర్వాత వస్తుంది, కానీ పాటలో స్థాయీ, అంటే పల్లవి, అదే. ఇది తెలియక పై పంక్తినే పల్లవి చేసుకుని నెలలు పాడాను. ఉచ్చారణ ఇంకో తంటా. 'సతి నాము' అని రాసి 'సత్ నామ్' అని చదవాలి. తెలుగు నోరు కదా, చివర అచ్చు కనిపిస్తే వదలదు. పక్కన కూర్చున్న పిల్లలు ముసిముసిగా నవ్వేవారు.

ఇక అసలు లోపం. మూడో ఏట ఒకరోజు పాట మధ్యలో ఉస్తాద్ జీ నా తిత్తి మీద చెయ్యి పెట్టి ఆపేశారు. "ఆగకు, పాడు" అన్నారు. రెండు పంక్తులు పాడాక మళ్లీ గాలి కొట్టారు. నా సా దాదాపు అర మెట్టు కిందికి జారిపోయి ఉంది. మూడేళ్లు నేను పెట్టెను ఆనుకుని పాడుతున్నానని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి సాధనలో సగం తంబూరా మీదే. పెట్టె తర్వాత తెరుస్తాను.

హార్మోనియంలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే దారి లేదు. ఆలిండియా రేడియో 1940 నుంచి 1970ల దాకా దీన్ని దూరం పెట్టడానికి అదీ ఒక కారణం. సిక్కు గురువుల కాలంలో ఈ పెట్టె లేదు కూడా. గురు నానక్ వెంట ఉన్న భాయ్ మర్దానా వాయించింది రబాబ్ అనే తంతి వాద్యం. స్వర్ణ మందిరంలో మూడేళ్లలో హార్మోనియం తీసేసి తంతి వాద్యాలు తేవాలని 2022లో సిక్కుల అత్యున్నత ధర్మపీఠమైన అకాల్ తఖ్త్ అధిపతి (జథేదార్) చెప్పినప్పుడు మా సంగత్‌లో, అంటే గురుద్వారాకు వచ్చే భక్తుల్లో, పెద్ద గొడవే జరిగింది. నా మట్టుకు కమానుతో వాయించే దిల్‌రుబా ముందు ఈ పెట్టె తేలిపోతుంది. కానీ నలభైమంది వెంట పాడేటప్పుడు అందరినీ ఒక శ్రుతి మీద నిలిపేది కూడా ఇదే. దిల్‌రుబా మీద ఆ పని చేయాలంటే నాకు ఇంకో జన్మ కావాలి.

పోషణ పెద్ద కష్టం కాదు. వానాకాలం మెట్లు బిగుస్తాయి, రీడ్‌లో దుమ్ము చేరితే మూగబోతుంది. సన్నని కాగితం దూర్చి లాగితే చాలాసార్లు తెరుచుకుంటుంది. శ్రుతి మాత్రం తెలిసినవాళ్లతోనే సరిచేయించండి. ఒకాయన రీడ్‌ను అడ్డదిడ్డంగా గీకి నా మంద్ర పంచమాన్ని పాడుచేస్తే, కొత్తది వేయించాల్సి వచ్చింది.

ఇప్పుడు పై నిషాదం ఏడాదిగా గరగరమంటోంది. ఇంకా బాగుచేయించలేదు. ఆసా ఆరోహణలో ఎలాగూ ఆ స్వరం లేదు. అవరోహణలో వచ్చినప్పుడు ఆ మెట్టు వదిలేసి గొంతుతోనే పాడుతున్నాను.