ఏఐజీని నిలబెట్టిన తీరు, సత్యంను నిలబెట్టిన తీరు

2008 సెప్టెంబరులో అమెరికా బీమా కంపెనీ ఏఐజీ కూలబోతుంటే, అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 8,500 కోట్ల డాలర్ల అప్పుతో ఆదుకుంది. ప్రభుత్వానికి దాదాపు 80 శాతం వాటా దక్కింది. పై అధికారిని మార్చారు, కింది ఉద్యోగుల బోనస్ ఒప్పందాలను మాత్రం ముట్టుకోలేదు. దాంతో 2009 మార్చిలో, కంపెనీని ముంచిన విభాగం వాళ్లకే సుమారు 16.5 కోట్ల డాలర్ల బోనస్‌లు అందాయి. జనం భగ్గుమన్నారు. వాటిపై 90 శాతం పన్ను వేసే బిల్లును ప్రతినిధుల సభ ఆమోదించింది కానీ, అది చట్టం కాలేదు. కొందరు బోనస్ వెనక్కి ఇచ్చారు.

మన హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కథ వేరు. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజే షేరు 179 రూపాయల నుంచి 40 దగ్గరికి పడింది. జీతం వస్తుందో రాదోనని ఎన్ని ఇళ్లలో టెన్షనో! కేంద్రం ఖజానా తెరవలేదు. బోర్డును రద్దు చేసి, ఐటీ రంగంలో పేరున్న కిరణ్ కార్నిక్, బ్యాంకింగ్ రంగంలో పేరున్న దీపక్ పరేఖ్ లాంటి వాళ్లను కూర్చోబెట్టింది. ఏప్రిల్‌లో షేరుకు 58 రూపాయలిచ్చి మరో ఐటీ కంపెనీ టెక్ మహీంద్రా సత్యంను వేలంలో గెలుచుకుంది.

నా ఓటు సత్యం పద్ధతికే. ముందు పెత్తనం మారింది, డబ్బు తర్వాత వచ్చింది, అదీ కొన్నవాళ్ల జేబులోంచి. కాకపోతే సత్యంకు క్లయింట్లున్నారు, కొనేవాడు దొరికాడు. ఏఐజీకి ఆ వీలు లేదు, పడితే పెద్ద బ్యాంకులనూ లాక్కుపోయేది. పైగా అమెరికా ఆ సొమ్మును తర్వాత లాభంతో సహా రాబట్టుకుంది. బోనస్‌ల కోపం ముందు ఆ లెక్క ఎవరికి గుర్తుంటుంది?