ఓల్డ్ కోర్సా, కార్నూస్టీయా: ఆరేళ్ళు సముద్రపు గాలిలో ఆడాక నా మాట

హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా గోల్ఫ్ ఆడే మనవాళ్ళు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. స్కాట్లండ్ పోతున్నాం, టైము రెండు రోజులే ఉంది, సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో ఆడాలా, కార్నూస్టీలో ఆడాలా అని. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్తే నాకే తృప్తి ఉండటం లేదు, అందుకే కూర్చుని రాస్తున్నా. మాది నల్గొండ. ఉద్యోగం మీద 2016 నుంచి 2022 దాకా డండీలో ఉన్నా. డండీ నుంచి టే నది వంతెన దాటి దక్షిణానికి పోతే సెయింట్ ఆండ్రూస్, ఒడ్డు వెంట తూర్పుకు పోతే కార్నూస్టీ, రెండూ ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆ ఆరేళ్ళలో ఓల్డ్ కోర్స్‌లో పద్నాలుగు సార్లు, కార్నూస్టీ ఛాంపియన్‌షిప్ కోర్స్‌లో ఇరవై మూడు సార్లు ఆడా. జూన్‌లో అక్కడ రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఆఫీసు అయ్యాక మొదలుపెట్టిన ఆటలూ ఉన్నాయి, చలికాలంలో ఫీజు తగ్గినప్పుడు వేళ్ళు కొంకర్లు పోతుంటే ఆడినవీ ఉన్నాయి.

ముందే చెప్పేస్తా, నాకు కార్నూస్టీ అంటేనే ఎక్కువ ఇష్టం. కానీ జన్మలో ఒక్కసారే పోయేవాళ్ళయితే ఓల్డ్ కోర్స్‌లోనే ఆడండి. ఎందుకో కింద ఉంది.

లింక్స్ అంటే ఏంటో తెలియనివాళ్ళకు ఒక ముక్క. సముద్రానికీ సాగుభూమికీ మధ్య ఉండే ఇసుక దిబ్బల నేల అది. పంటకు పనికిరాదు, నీళ్ళు నిలవవు, గడ్డి కురచగా బిగుతుగా పెరుగుతుంది. మన చెల్కలు ఎండాకాలంలో గట్టిపడతాయి చూడండి, కాళ్ళ కింద అట్లాగే ఉంటుంది. బంతి పడ్డచోట ఆగదు, ఇంకా ముప్పై నలభై గజాలు దొర్లిపోతుంది. గాలిని ఆపడానికి చెట్లుండవు. మన దగ్గర బంతిని ఎత్తుగా లేపి గ్రీన్ మీద, అంటే జెండా ఉండే నున్నటి గడ్డి మీద, దించే అలవాటుతో వెళ్తే మొదటి గంటలోనే గాలి ఆ బంతిని ఎటో ఎత్తుకుపోతుంది.

అక్కడ నాకు అక్కరకొచ్చింది చిన్నప్పటి చిర్రగోనె, అదే గిల్లీదండా. పానగల్లు చెరువు కట్ట దగ్గర ఆడేవాళ్ళం. ఆషాఢం గాలిలో చిర్రను పైకి లేపామా, గాలి దాన్ని వెనక్కి తోసి పట్టేవాళ్ళ చేతుల్లో పడేసేది. అందుకని మోకాలెత్తులోనే సర్రున పోయేట్టు కొట్టేవాళ్ళం. లింక్స్‌లోనూ అదే పని. ఏడో నంబర్ ఐరన్ కర్రతో కొట్టే దూరానికి, బంతిని ఇంకా కిందుగా దూరంగా పంపే ఐదో నంబర్ తీసుకుని, బంతిని కుడికాలి వైపు కాస్త జరిపి, చేతులు పట్టు మీద కిందికి దించి, ఊపు ముప్పావు వంతే. బలంగా కొట్టిన కొద్దీ బంతి తిరుగుడు ఎక్కువై పైకి లేస్తుంది, ఎదురుగాలికి అంతకంటే చేటు లేదు. ఇది నా ఒంటికి పట్టడానికి రెండేళ్ళు పట్టింది.

ఇక గాలి సంగతికొస్తే రెండు చోట్లా వీచేది ఒకే సముద్రపు గాలి, కానీ ఆటలో దాని పని మాత్రం పూర్తిగా వేరు. ఓల్డ్ కోర్స్ ఊరి నుంచి బయలుదేరి ఈడెన్ నది సముద్రంలో కలిసే చోటుదాకా పోయి, అక్కడ చిన్న చుట్టు తిరిగి, వచ్చిన దారి పక్కనుంచే ఊళ్ళోకి వస్తుంది. అంటే పోయేటప్పుడు ఎదురుగాలి అయితే వచ్చేటప్పుడు వెనకగాలి, మధ్యలో ఆ చుట్టు దగ్గరే తికమక. కొన్ని రోజులు మీరు తిరిగే వేళకు గాలి కూడా తిరుగుతుంది, పోతూ ఎదురే వస్తూ ఎదురే, ఆ రోజు స్కోరు గురించి బాధపడకండి. మొదటి షాట్ కొట్టే చోటు టీ, అక్కడినుంచి జెండాదాకా ఆడే ఒక్కో భాగం ఒక హోల్, మొత్తం పద్దెనిమిది. కార్నూస్టీలో వరసగా మూడు హోల్స్ ఒకే దిక్కుకు పోవు. ఒకటి ఎదురు, తర్వాతది ఎడమనుంచి, ఆ తర్వాత వెనకనుంచి, ఇంకోటి కుడినుంచి. ఇప్పుడే కుదిరింది అనుకున్న షాట్ పది నిమిషాల్లో పనికిరాదు. నాతో ఆడే పాలమూరు తమ్ముడు ఒకడుండేవాడు, ప్రతి టీ దగ్గరా నాలుగు గడ్డిపోచలు తెంపి వదిలి చూసేవాడు. "అన్నా, మళ్ళ మర్రింది గాలి" అనేవాడు. అంత ఓపికతో చూసినవాడే అక్కడ ఆడగలడు.

ఓల్డ్ కోర్స్ మొదటిసారి చూస్తే నిరాశ పడతారు, నేనూ పడ్డా. చదునుగా, మేకలు మేసిన బీడులాగా కనిపిస్తుంది. టీ దగ్గర నిలబడితే ఎటు కొట్టాలో అర్థం కాదు. 112 బంకర్లు, అంటే ఇసుక గుంటలు, ఉన్నాయి, వాటిలో చాలా మటుకు టీ మీదినుంచి కనిపించవు. అందుకే మొదటిసారి కేడీని, అంటే సంచి మోస్తూ ఎటు కొట్టాలో చెప్పే మనిషిని, తీసుకోండి, ఆ డబ్బు మిగుల్చుకోవద్దు. మూడు నాలుగు ఆటలయ్యాక ఒక సంగతి తెలిసొచ్చింది. ఎడమవైపు దాదాపు ఎప్పుడూ చోటుంటుంది. ఎడమకు కొట్టి బతకొచ్చు, కానీ అక్కడినుంచి గ్రీన్‌కు దారి కష్టం. కుడివైపు గొర్స్ ముళ్ళపొదల దగ్గరగా ధైర్యం చేస్తే తర్వాతి షాట్ సులువు. గ్రీన్లు కూడా వింత. ఏడు గ్రీన్లను రెండేసి హోల్స్ పంచుకుంటాయి, ఆ జంట ఏదైనా నంబర్లు కలిపితే 18 వస్తుంది, రెండూ పదహారూ, ఐదూ పదమూడూ అట్లా. పోయేటప్పుడు తెల్లజెండా, వచ్చేటప్పుడు ఎర్రజెండా. ముప్పై గజాల పట్, అంటే బంతిని నేలమీదే దొర్లించే షాట్, కొట్టాల్సిన రోజు వస్తుంది, ముందే అలవాటు చేసుకోండి.

పదిహేడో హోల్, రోడ్ హోల్ గురించి చెప్పకుండా ఉండలేను. హోటల్ మూల మీదుగా, అవతల ఏముందో కనిపించకుండా కొట్టాలి. గ్రీన్ వెనక తారు రోడ్డు, దాని వెనక రాతిగోడ, ముందు ఎడమవైపు ఒక చిన్న ఇసుక గుంట. 2019 సెప్టెంబర్‌లో నా మూడో షాట్ ఆ గుంటలో పడింది. లోపలికి దిగితే మోట బావిలో నిలబడ్డట్టే ఉంది. గోడంతా గడ్డి పెళ్ళలను ఇటుకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టింది, పెళ్ళకూ పెళ్ళకూ మధ్య ఎండిన వేళ్ళు వేలాడుతున్నాయి, కింద ఇసుక తడిగా ఉంది, బంతి గోడకు జానెడు దూరంలో. జెండా కొస కూడా కనిపించదు. రెండుసార్లు ముందుకు కొట్టా, రెండుసార్లూ గోడకు తగిలి నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. అప్పుడు కేడీ చెప్పాడు, వచ్చిన వైపే వెనక్కి కొట్టు అని. కొట్టి బయటపడ్డా. 1978 ఓపెన్‌లో, అంటే బ్రిటన్‌లో ఏటా జరిగే పెద్ద గోల్ఫ్ పోటీలో, జపాన్ ఆటగాడు టామీ నకజిమా గ్రీన్ మీదినుంచి పట్ కొడితే బంతి దొర్లుకుంటూ ఇదే గుంటలో పడింది, బయటికి తీసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. 2022 ఓపెన్ చివరి రోజు నేను అక్కడే ఉన్నా. కామెరాన్ స్మిత్ బంతి సరిగ్గా ఆ గుంట ఇవతల ఆగింది. అతను పైనుంచి లేపకుండా పట్ కొట్టే కర్ర పటర్ తీసి, గుంట అంచు చుట్టూ బంతిని నేలమీదే తిప్పి గ్రీన్ ఎక్కించి, పార్, అంటే ఆ హోల్‌కు లెక్కగట్టిన షాట్ల సంఖ్య, కాపాడుకుని గెలిచాడు. నేలను చదవడం అంటే ఏంటో ఆ ఒక్క షాట్‌తో తెలిసింది నాకు.

కార్నూస్టీలో అన్నీ కళ్ళెదుటే ఉంటాయి, ఎక్కడ ప్రమాదమో కనిపిస్తూనే ఉంటుంది, అయినా తప్పించుకోలేం. 1926లో జేమ్స్ బ్రెయిడ్ దిద్దిన కోర్స్ ఇది. చివరి మూడు హోల్స్ దగ్గర అందరి లెక్కా తేలిపోతుంది. పదహారు పేరుకు పార్ మూడే, వెనక టీల నుంచి 240 గజాలకు పైనే. 1975లో టామ్ వాట్సన్ ఇక్కడే ఓపెన్ గెలిచాడు కానీ సమానంగా నిలిచినవాళ్ళ మధ్య ఆడే ప్లేఆఫ్‌తో కలిపి ఐదు రౌండ్లలో ఒక్కసారి కూడా ఈ హోల్‌లో పార్ చేయలేదు. పదిహేడు, పద్దెనిమిదిలో బ్యారీ బర్న్ అనే వాగు పాములా మెలికలు తిరుగుతూ మాటిమాటికీ అడ్డం వస్తుంది. వెడల్పు పెద్దగా ఉండదు, అక్కడక్కడ రాతిగోడలు, నీళ్ళు తేటగా ఉంటాయి, అడుగున పడ్డ బంతి మీద కంపెనీ పేరు కూడా చదవొచ్చు. 1999 ఓపెన్‌లో ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ మూడు షాట్ల ఆధిక్యంతో చివరి హోల్‌కు వచ్చాడు, ఆరు కొట్టినా గెలిచేవాడు. ఏడు కొట్టాడు. బూట్లు విప్పి వాగులోకి దిగాడు కూడా. చివరికి ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు, ఆ ఉదయం అతను పది షాట్లు వెనకున్నవాడు. ఆ వాగు పక్కన నిలబడి ఆ లెక్క గుర్తుచేసుకుంటే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది.

2018 ఓపెన్ కార్నూస్టీలోనే జరిగింది. ఆ ఏడు వానల్లేక ఫెయిర్‌వేలన్నీ, అంటే టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి దారులన్నీ, గోధుమరంగుకు తిరిగాయి, మే నెలలో దేవరకొండ వైపు చెల్కలు గుర్తొచ్చాయి. ఆదివారం గాలి లేచాక ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే జారిపోతుంటే ఫ్రాన్సెస్కో మొలినారి మాత్రం ఒక్క బోగీ (పార్ కంటే ఒక షాట్ ఎక్కువ) లేకుండా ముగించి గెలిచాడు. నేను పద్దెనిమిదో గ్రీన్ దగ్గర నిలబడి చూశా. అతను ప్రతి షాట్‌కూ తీసుకున్న టైము ఒకటే.

నాయిన 2017లో మా దగ్గరికి వచ్చినప్పుడు ఒక ఆదివారం సెయింట్ ఆండ్రూస్ తీసుకుపోయా. పెద్ద పోటీలప్పుడు తప్ప ఆదివారాలు ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు, ఎవరైనా నడవొచ్చు, పిల్లలు పరుగెత్తుతారు, కుక్కలను తిప్పుతారు. ఇదంతా ఎవరి భూమి అని అడిగాడు. ఊరిది అని చెప్పా, 1552లోనే అక్కడి ఆర్చిబిషప్ ఇచ్చిన పత్రంలో ఊరి జనానికి ఇక్కడ గోల్ఫ్ ఆడుకునే హక్కు, పశువులు మేపుకునే హక్కు రాసి ఉన్నాయని చెప్పా. "అంటే గైరాన్ అన్నట్టు" అన్నాడు. కాసేపాగి "ఇన్నేండ్లు ఎవడూ కబ్జా పెట్టలే?" అన్నాడు. గాలికి తట్టుకోలేక గొర్రెలు ఒదిగి పడుకున్న గుంటలే బంకర్లయ్యాయని అక్కడ చెప్పుకుంటారు, అది విని ఒక బంకర్ అంచున కూర్చుని చేత్తో ఇసుక తీసి చూశాడు. ఒక్కసారే పోయేవాళ్ళను ఓల్డ్ కోర్స్‌కు పొమ్మనడానికి ఇది కూడా కారణం. అక్కడ ఊరూ ఆటా ఒకటే. పద్దెనిమిదో హోల్ నేరుగా ఊరి ఇళ్ళ మధ్యకే వస్తుంది, బీచ్‌కు పోయే జనం మొదటి ఫెయిర్‌వే మీదుగా నడుస్తుంటే మీరు ఆగాలి.

టైము దొరకడం మాత్రం ఓల్డ్ కోర్స్‌లో చాలా కష్టం. ఆడే రోజుకు రెండు రోజుల ముందు లాటరీలో పేరు వేయాలి, కనీసం ఇద్దరుండాలి. ఒక్కరే పోతే మా రోజుల్లో రాత్రి చీకట్లోనే వరసలో నిలబడేవాళ్ళం, 2024లో అది తీసేసి ఒంటరివాళ్ళకూ లాటరీ పెట్టారు, ముందురోజు స్వయంగా పోయి పేరు రాయించుకోవాలి. సీజన్‌లో ఫీజు ఇప్పుడు 300 పౌండ్లు దాటింది. ఇంకో హెచ్చరిక. హైదరాబాద్ నుంచి వచ్చిన మా స్నేహితుడికి ఒక ట్రావెల్ ఏజెంట్ సెయింట్ ఆండ్రూస్‌లో ఆట అని డబ్బులు కట్టించుకున్నాడు, తీరా పోతే అది ఓల్డ్ కోర్స్ కాదు. అక్కడ ఏడు కోర్సులున్నాయి. కాగితం మీద ఓల్డ్ కోర్స్ అన్న మాట చూశాకే డబ్బు కట్టండి. కార్నూస్టీ అయితే ముందే బుక్ చేసుకోవచ్చు, డండీ నుంచి రైలు దిగి నడిచిపోవచ్చు. సెయింట్ ఆండ్రూస్‌కు రైలు లేదు, బస్సే.

సముద్రం చూస్తూ ఆడదామని పోయేవాళ్ళకు రెండూ నచ్చవు, రెండు చోట్లా సముద్రం పెద్దగా కనిపించదు, గాలిలో ఉప్పు మాత్రం తెలుస్తుంది. గొడుగు తీసుకుపోవద్దు, విరుగుతుంది. చెవులు కప్పే ఉన్ని టోపీ, తడిస్తే పట్టు జారని గ్లోవ్స్, నీళ్ళు లోపలికి దిగని ప్యాంటు, ఇవి తప్పనిసరి. జూలైలో కూడా.

వచ్చే మే నెలలో మళ్ళీ పోతున్నా, పాలమూరు తమ్ముడు ఇప్పటికీ డండీలోనే ఉన్నాడు. కార్నూస్టీలో రెండు రోజులు బుక్ చేశాం. మిగిలిన నాలుగు రోజులూ ఓల్డ్ కోర్స్ లాటరీలో ఇద్దరి పేర్లూ వేస్తాం, తగిలితే ఆడతాం, తగలకపోతే పదహారో హోల్‌లో పార్ కోసం మళ్ళీ కార్నూస్టీకే పోతాం. ఇరవై మూడు ఆటల్లో అక్కడ నాకు వచ్చిన పార్లు నాలుగే.