ఫోమ్, ఫైబర్‌గ్లాస్‌తో కట్టుకున్న క్యాంపర్: ఆరేళ్ల వాడకం తర్వాత

పికప్ ట్రక్కు వెనక తొట్టిలో కూర్చునే ఈ క్యాంపర్ (ప్రయాణాల్లో పడుకునే చిన్న గది) బాడీని ఆరేళ్ల క్రితం సొంతంగా కట్టుకున్నాను. 38 మి.మీ. ఎక్స్‌పీఎస్ (గట్టి పాలిస్టైరీన్) ఫోమ్ షీట్లు, వాటికి రెండు వైపులా ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో అతికించిన పల్చటి ఫైబర్‌గ్లాస్ క్లాత్. లోపల ఇనుప చట్రం లేదు, చెక్క ఫ్రేమూ లేదు. తలుపు, కిటికీలతో కలిపి 90 కిలోల లోపే తూగింది. గోడలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఎక్కువగా ఇబ్బంది పెట్టినవి నేను వేసిన రంధ్రాలే.

బలమంతా పైపొరలదే. వాటిని ఎడంగా, కదలకుండా పట్టి ఉంచడమే ఫోమ్ పని. అందుకే 6 మి.మీ. ప్లైవుడ్ కన్నా తేలికైన ఈ గోడ దానికన్నా ఎంతో బిగువుగా నిలబడుతుంది. ఎపాక్సీ బదులు కొందరు వాడే పాలిస్టర్ రెజిన్‌ను మాత్రం దీని దగ్గరికి రానివ్వకండి. అందులోని స్టైరీన్ అనే ద్రవం ఫోమ్‌ను కరిగించేస్తుంది. ముందు ఒక ముక్క మీద పూసి చూశాను, కళ్ల ముందే గుంట పడింది.

రెండో వానాకాలంలో పైకప్పు వెంట్ (గాలి ఆడే కిటికీ) పక్కన అరచేయంత మేర పొర లేచింది. వేలి కణుపుతో తట్టితే మిగతా చోట టక్ టక్ మనేది, అక్కడ డొల్లగా పలికింది. కోసి చూస్తే స్క్రూ చుట్టూ చెమ్మ. ఫోమ్‌కి స్క్రూ పట్టదు, కుదుపులకు వదులై నీటికి దారి ఇచ్చింది. ఆరబెట్టి, రంధ్రాన్ని వెడల్పు చేసి, లప్పంలా చిక్కగా కలిపిన ఎపాక్సీతో నింపాను. గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ డ్రిల్ చేశాను. మిగతా రంధ్రాలన్నిటికీ ఇదే చేశాక ఒక్క చుక్క లోపలికి రాలేదు. తలుపు బందుల్లాంటి బరువు పడే చోట్ల మొదటే ఫోమ్ తీసి ప్లైవుడ్ ముక్క పొదగడం మేలు.

ఎండకు ఎపాక్సీ పాడవుతుంది కాబట్టి పెయింట్ తప్పనిసరి, అదీ తెలుపే. ముదురు రంగు వేస్తే పొర వేడెక్కి ఫోమ్ మెత్తబడే ప్రమాదం ఉంది. రాత్రి లోపల పట్టే చెమ్మకు వెంట్ కాస్త తెరిచి పడుకుంటే చాలు.

మళ్లీ కడితే గోడల మందం మార్చను. నేల మీద మాత్రం పల్చటి ప్లైవుడ్ వేస్తాను. మంచం సర్దేటప్పుడు మోకాలు ఆనే చోట రెండు సొట్టలు పడ్డాయి, ఏటా కొంచెం లోతవుతున్నాయి.