కంపోస్టు కుండకు పల్లిపొట్టు తోడుంటేనే

ఒకదాని మీద ఒకటి పెట్టే మూడు మట్టి కుండల కంపోస్టు సెట్టు కొని మూడేళ్లు దాటింది. మహబూబ్‌నగర్‌లో సొంతిల్లు, వెనక కొంచెం ఖాళీ జాగా, ఇంట్లో నలుగురం. ఎట్లా వాడాలో అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది వాసన గురించి.

కొత్తలో అడిగినవాళ్లందరికీ "అసలు వాసనే రాదు" అని గట్టిగా చెప్పాను. అది అబద్ధం కాదు. కొన్నది ఎండాకాలంలో. పాలమూరు ఎండకు సొరకాయ తొక్కలు కూడా రెండో రోజుకే వడిలిపోయేవి. మట్టి కుండ తడి పీల్చుకుంటుంది కదా, అంతా కుండ గొప్పతనమే అనుకున్నాను. అందులో సగం ఎండ గొప్పతనమని దసరా దాకా తెలియలేదు.

దసరా ముందు సీతాఫలాలు మొదలయ్యాయి. బాలానగర్ రకం పుట్టిందే మా జిల్లాలో, ఆ రోజుల్లో ఇక్కడ పండ్లు గంపల లెక్కన ఇంటికొస్తాయి. పిల్లలు తిన్నన్ని తిన్నారు, తొక్కలన్నీ కుండలో పడ్డాయి. నాలుగో రోజు మూత తీస్తే లోపలంతా నల్లటి జావ. మూత అంచు చుట్టూ తెల్లటి పురుగులు. మధ్యాహ్నం పక్కింటి అక్క గోడ మీది నుంచి, "మీ దిక్కు ఎలుక ఏమన్న చచ్చిందా, చూడు" అంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే కుండలో చల్లే కంపోస్టు పొడి ఇంకో రెండు ప్యాకెట్లు కొనమన్నారు. కొని వేశాను, ఏమీ తగ్గలేదు.

పండక్కి ఊరి నుంచి వచ్చిన అత్తమ్మ ఒక్కసారి తొంగి చూసి, "పెంటల నీళ్లు నిలిస్తే కంపు కొట్టక ఏం జేస్తది? పొడిది వెయ్యాలె" అంది. అప్పుడు ఊళ్లో యాసంగి విత్తనానికి పల్లికాయ కొట్టించే రోజులు. మా ఆయన వెళ్లి సంచెడు పొట్టు తెచ్చారు. కుండలో ఉన్నదంతా గోనెపట్టా మీద కుమ్మరించాం. అత్తమ్మ పొట్టును అరచేతుల మధ్య నలిచి చల్లుతుంటే నేను పారతో కలిపాను. సాయంత్రం దాకా ఆరబెట్టి మళ్లీ నింపాం. మూడో రోజు చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది, కంపు లేదు. తడిది ముద్దకట్టి గాలి ఆడకపోవడమే అసలు రోగమట. పొట్టు మధ్యలో ఉంటే సందులు మిగులుతాయి.

అప్పటి నుంచి గుప్పెడు తొక్కలకు గుప్పెడు పొట్టు. పురుగులు వానాకాలంలో ఇప్పటికీ అప్పుడప్పుడు కనబడతాయి, కానీ టెన్షన్ పడను. పొట్టు తొందరగా మురగదు. రెండు నెలల తర్వాత జల్లెడ పట్టినా ముక్కలు మిగులుతాయి, వాటిని మళ్లీ పై కుండలోనే వేస్తాను. మే నెలలో అంతా ఎండిపోతే పుల్లటి చల్లలో నీళ్లు కలిపి చిలకరించాలి. చెత్త బండికి ఇప్పుడు ఇచ్చేది పొడి చెత్త, మాంసం బొక్కలు, అంతే.

ఆ సీతాఫలాల ఎరువు కరివేపాకు కుండీలో వేస్తే, మరుసటి వానలకు అందులో ఆరు సీతాఫలం మొలకలు లేచాయి. రెండింటిని అత్తమ్మ తీసుకెళ్లి చేను గట్టు మీద పెట్టింది.

కొనమంటారా అంటే, నాకు వెనక జాగా ఉంది, పొట్టు పంపే ఊరుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీ సంగతి నేను చెప్పలేను. ఎండుటాకులైనా సరే ఒక సంచెడు ముందే సిద్ధం చేసుకోగలిగితే కొనండి, లేదంటే సీతాఫలాల రోజులు పోయేదాకా ఆగండి.