ఒట్టు అడగని మీటింగు: రెండున్నరేళ్లుగా వెళ్తున్న వాడి మాట

ఇక తాగనని నేను వేసిన ఒట్లు లెక్కపెడితే ఒక నోటుబుక్కు నిండుతుంది. అమ్మ మీద ఒకటి, పాప నెత్తిన చెయ్యి పెట్టి రెండు. భవానీ మాల మూడుసార్లు వేశాను. వేసిన 41 రోజులూ చుక్క ముట్టలేదు. కొండెక్కి ఇరుముడి సమర్పించి, మాల తీసి, దిగి బెజవాడ వన్‌టౌన్ దాటకముందే మొదలు.

తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి నడుపుకునే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్. వాళ్ల మీటింగులోనూ ఒట్టు వేయిస్తారనే అనుకుని వెళ్లాను. ఎవరూ అడగలేదు. "ఇవాళ ఒక్కరోజు తాగకుండా ఉండండి, రేపటి సంగతి రేపు" అన్నారు, అంతే. వీళ్లలో నాకు నచ్చింది ఇదొక్కటే. మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లు, ప్రార్థన, వాళ్ల పుస్తకం గురించి ఎక్కడైనా చదువుకోవచ్చు.

చోటు వెతుక్కోవడం మాత్రం పెద్ద తిప్పలు. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం పట్టుకుని ఒక స్కూలు గేటు దగ్గరికి వెళ్తే తాళం. వాచ్‌మన్ లోపలి నుంచే, "తాగుబోతుల మీటింగా? బుధవారానికి మార్చారు!" అని ఎదురుగా ఉన్న పునుగుల బండి దాకా వినపడేలా చెప్పాడు. పేరు కూడా అడగని సంఘానికి ఇదీ ప్రచారం! కాగితం మీద నంబరుకి ముందే ఫోన్ చేసి ఉంటే ఈ బాధ తప్పేది. ఆ ఫోన్ ఎత్తేది కూడా తాగి మానేసిన మనిషే, సిగ్గుపడక్కర్లేదు.

తొమ్మిది నెలలు బాగానే గడిచాయి. తర్వాత తెనాలిలో మా బావమరిది గృహప్రవేశం. భోజనాలయ్యాక డాబా మీద, "ఒక్కటే కదా బావా" అన్నాడు. ఆ ఒక్కటి నాలుగు రోజులు నడిచింది. ఇంటికొచ్చాక రెండు బుధవారాలు మొహం చెల్లక మీటింగు ఎగ్గొట్టాను, మధ్యలో మళ్లీ తాగాను. మూడో బుధవారం వెళ్లి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను, తిట్టడం మొదలుపెడితే లేచిపోవచ్చని.

టీ పోస్తున్న కుర్రాడు నా గ్లాసు సగమే నింపాడు. మిగతా అందరికీ నిండుగా పోశాడు. కోపం వచ్చింది. గ్లాసు ఎత్తాక గానీ తెలియలేదు, నా చెయ్యి ఎంత వణుకుతోందో. నిండుగా పోసుంటే ప్యాంటు మీదే పడేది.

"ఇవాళ్టికి ఎన్నో రోజు?" అని అడిగారు. మూడు అన్నాను. చప్పట్లు కొట్టారు. వెటకారమేమో అనుకున్నాను. రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు పక్కకొచ్చి కూర్చుని చెప్పారు: ఈ సంఘం మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకాయన డాక్టరు. మానేసిన కొన్నాళ్లకే ఏదో డాక్టర్ల సభకని ఊరెళ్లి తాగి వచ్చాడు. ఆయన ఆఖరిసారి తాగింది 1935 జూన్ 10న. ఆ తేదీనే సంఘం పుట్టినరోజుగా లెక్కేసుకుంటారట. "జారినాయన తేదీనే పండగ చేసుకునేవాళ్లం, నిన్నేం తిడతాం బాబూ" అన్నారు.

అంతా బాగుందని రాస్తే అబద్ధమవుతుంది. ఒట్టు అడగరు అంటే వెతుక్కుంటూ కూడా రారు. ఆ రెండు బుధవారాల్లో నాకు ఫోన్ చేసింది ఒక్కరే. మా ఆవిడ ఎవరైనా రావచ్చనే ఓపెన్ మీటింగుకి ఒకసారి వచ్చి, "గట్టిగా అడిగేవాళ్లే లేరు, ఇదేం మీటింగండీ" అంది. ఆమె అన్నదీ నిజమే.

ఇంకోటి, ఇక్కడ మందులివ్వరు, డాక్టర్లుండరు. పైన మాల గురించి గొప్పగా రాశాను గానీ, రెండోసారి వేసినప్పుడు రోజూ తాగేవాణ్ని ఒక్కసారిగా ఆపేశాను, రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. రోజూ తాగే అలవాటుంటే ముందు డాక్టరుకి చూపించుకోండి. కేంద్ర ప్రభుత్వం టోల్‌ఫ్రీ 14446 ఉంది. మీటింగు ఆ తర్వాతి సంగతి.

డబ్బు సంగతి అడుగుతారని చెప్తున్నా: చివర్లో సంచి తిప్పుతారు, నేను ఇరవై వేస్తాను, వెయ్యకపోయినా ఎవరూ చూడరు. మా షెడ్డు ఓనరు ఫ్యాన్లకని అయిదు వేలు పంపితే, ఆయన సభ్యుడు కాదని తిప్పి పంపారు. ఆయన ఇప్పటికీ అలకలోనే ఉన్నాడు.

నాది ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. ఆరున్నరకి షట్టర్ పడుతుంది, ఏడున్నరకి మీటింగు, బండి మీద ఇరవై నిమిషాలు. అందుకే నాకు కుదిరింది. మా షెడ్డుకొచ్చే డ్రైవరు ఒకతను నెలలో ఇరవై రోజులు లారీ మీద రోడ్లపైనే ఉంటాడు. అతనికి ఈ బుధవారాలు ఏం పనికొస్తాయి? ఫోన్లో జరిగే మీటింగులు వింటున్నానంటాడు గానీ, సగంలో సిగ్నల్ పోతుందట.

ఈ ఏడు మా ఆవిడ మళ్లీ మాల వేసుకోమంటోంది. వేసుకుంటాను. మాల తీసే విరమణ ఎటూ కొన్ని రోజులు జరుగుతుంది, వాటిలో బుధవారం పడితే ఆ రోజే కొండెక్కుతాను. సాయంత్రానికి దిగితే మీటింగు టైముకి అందుకోవచ్చు.