చిన్నపిల్లల ఇంగ్లీషుకు ఏది మేలు: చేతికో యాపా, నలుగురి మధ్య ఒక టాబ్లెటా?

నాలుగేళ్ల పాపకు ఇంగ్లీషు పరిచయం చేయాలి. ఫోనులో యాప్ వేసి చేతికివ్వడం ఒక దారి. ఏడెనిమిది కుటుంబాలు కలిసి ఒకే టాబ్లెట్ పెట్టుకుని, పెద్దలు వంతులవారీగా పిల్లల పక్కన కూర్చోవడం ఇంకో దారి.

యాప్ గొప్పతనం చిన్నదేమీ కాదు. ఉచ్చారణ శుభ్రంగా ఉంటుంది, ఒకే మాటను వందసార్లు విసుక్కోకుండా చెబుతుంది. కానీ ఒక్కసారి పాప వేలిని గమనించండి. డాగ్ ఎక్కడుందని యాప్ అడగగానే పిల్లిని నొక్కుతుంది, తర్వాత ఆవును, తర్వాత చేపను. నాలుగో బొమ్మకు చప్పట్లు మోగుతాయి, తెర మీద నక్షత్రం మెరుస్తుంది. పాప నోరు మాత్రం తెరవనేలేదు.

2003లో అమెరికా పరిశోధకురాలు ప్యాట్రీషియా కూల్ బృందం ఇంగ్లీషు ఇళ్లలో పెరుగుతున్న 9 నెలల పిల్లలకు 12 విడతలు చైనా భాష మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించిన పిల్లలకు ఆ ధ్వనుల తేడా పట్టుబడింది. వీడియోలో చూసినవారికి పట్టుబడలేదు. 2018లో అదే పరిశోధనశాల తాకితే నడిచే వీడియోలతో చూసింది. ఒంటరిగా చూసిన పిల్లలకంటే, పక్కన మరో పసిపాప ఉన్నవారే ధ్వనులను బాగా పట్టుకున్నారు. తెర రెండుచోట్లా ఉంది, తేడా తోడులో ఉంది. అందుకే నా ఓటు రెండో దారికి.

ఇంగ్లీషు రాని నాయనమ్మ ఇక్కడ అడ్డంకి కాదు, అండ. పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు ఎన్నో భాషల్లో ఉచితంగా దొరుకుతాయి. ముందు ఇంటి భాషలో కథ చెప్పి, "ఈ ఏనుగు ఎందుకు దిగులుగా ఉంది?" అని ఆమె అడుగుతుంది. తర్వాత అదే కథ ఇంగ్లీషులో తెరుస్తారు. "నాకు రాదమ్మా, దీన్నేమంటారో నువ్వే చెప్పు" అనగానే పాప "ఎలిఫెంట్" అంటుంది, గర్వంగా. ఉచ్చారణ భారం రికార్డింగులదే. పాప నోట మాట రాగానే వినే మనిషి ఉండటమే ముఖ్యం.

చిక్కులూ ఉన్నాయి. మొదటి నెల ఉత్సాహం మూడో నెలకు ఉండదు. వంతుల పట్టిక, చార్జింగ్ ఎవరో ఒకరు బాధ్యతగా చూడకపోతే టాబ్లెట్ అటకెక్కుతుంది. తెర చుట్టూ ఐదుగురిని మించనివ్వకూడదు, వెనకవాళ్లకు ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి.

ఇంగ్లీషు బాగా వచ్చినవారు దూరాన ఉంటే వీడియో కాల్ కూడా మంచిదే. రికార్డు చేసిన వీడియోలా కాకుండా, అటువైపు మనిషి పాప మాటకు బదులిస్తారు.

2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు తెర ముందు కాలం రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. గుంపులో పదిహేను నిమిషాల కథ చాలు, మిగతాది ఆటే. తోడు దొరకక యాప్ ఒక్కటే ఉన్న ఇంట్లోనైతే, అది కట్టేశాక పాపతో ఒక కుక్క బొమ్మ గీయించి, దాని పేరు మీరు అడగండి.