స్టెబిలైజరా, స్పైక్ గార్డా?
మా పలాసలో చాలామందికి రెండూ ఒకటే. కాదండీ. సాయంత్రం 230 వోల్టులు కాస్తా 170కి పడిపోయి ఫ్రిజ్ మూలుగుతుంటే ఆదుకునేది స్టెబిలైజరే, టక్కుమనే ఆ చప్పుడు లోపలి రిలేది, అంటే దానంతటదే మారే స్విచ్చుది. కానీ సర్జ్, అంటే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసిపడటం, మైక్రోసెకన్ల పని, రిలే కదిలేలోపే బోర్డు మాడిపోతుంది. 2018లో తిత్లీ తుఫాను తర్వాత కరెంటు తిరిగొచ్చిన రోజు మా టీవీ అలాగే పోయింది, స్టెబిలైజర్ ఉండి కూడా!

స్పైక్ గార్డ్‌లో ఎంఓవీ అని చిన్న బిళ్ల ఉంటుంది, వోల్టేజీ ఒక్కసారిగా ఎగిస్తే అదనపు కరెంటును అదే పక్కకు మళ్లిస్తుంది. లో వోల్టేజీకి మాత్రం దండగ. టీవీకి నా ఓటు దీనికే, ఉరిమితే ఎలాగూ ప్లగ్ పీకేస్తాను. అన్నట్టు, స్పైక్ గార్డ్ సరిగ్గా పనిచేయాలంటే ఎర్త్ ఉండాలి; మా ప్లగ్గులో మూడో కన్నం ఉత్తదేనట, ముందు ఎర్త్ వైరు లాగించాల్సొచ్చింది.